ఆకాంక్ష, సన్నిధి: ఓవర్‌డబ్బింగ్ గురించి ఒక నైతిక విచారణ

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక ధ్వనిముద్రణ. నా పరిశోధనలో భాగంగా, వనపర్తి ప్రాంతంలోని ఒక గ్రామంలో ఎనభై ఏళ్లు దాటిన ఒక స్త్రీ పాడిన నాట్ల పాటలను కొన్నేళ్ల కిందట చిన్న రికార్డర్‌లో సేకరించాను. నాట్ల పాట ఒంటరి పాట కాదు. వరుసలో ఒకరు పాట ఎత్తుకుంటారు, తక్కినవారు అందుకుంటారు. ఎత్తుకున్న చరణమే మళ్లీ అందరి గొంతులలోనూ పలుకుతుంది. ఆ కాస్త వ్యవధిలో మొదటి గొంతుకు ఊపిరి తీసుకోవడానికీ, తరువాతి చరణాన్ని తలచుకోవడానికీ వీలు చిక్కుతుంది. నేను వెళ్లేనాటికి ఆమెతో కలిసి నాట్లు వేసినవారు ఎవరూ మిగలలేదు. "అందుకునేటోళ్లు లేరు బిడ్డా, ఒక్కదాన్నే ఎట్ల చెప్తా పాట" అని మొదట ఒప్పుకోలేదు. తరువాత వాకిట్లో నులక మంచం మీద కూర్చుని పాడింది. అయితే ప్రతి చరణం పాడాక, ఆ చరణానికి పట్టేంత సేపు ఊరకే ఉండిపోయింది. అవతలివారి వంతును అవతలివారికే వదిలిపెట్టింది. ముద్రణలో ఆ ఖాళీలలో కోడిపిల్లల అరుపులు, దూరంగా బోరు మోటారు, మంచం పట్టె మీద ఆమె వేలి దరువు వినిపిస్తాయి.

రెండేళ్ల తరువాత ఆమె మరణించింది. ఆ తరువాత కొందరు జానపద గేయాల శ్రవ్య సంకలనం ఒకటి తలపెట్టి, నా దగ్గరి పాటలలో నాలుగింటిని తీసుకున్నారు. ఆ ఖాళీలు వినేవారికి ముద్రణలోని లోపంగా తోస్తాయని వారి అభిప్రాయం. హైదరాబాదులో ఒక స్టూడియోలో నలుగురు గాయనుల చేత ఆ ఖాళీలలో చరణాలు పాడించి కలుపుతామని, సేకర్తగా నా సమ్మతి కావాలని ఫోనులో అడిగారు. రెండు నిమిషాలలో ఒప్పుకున్నాను. నాట్ల పాటకు అందుకునే గొంతులు ఉండాలి కదా, లేనివాటిని సమకూర్చడంలో తప్పేముంది అనుకున్నాను. నేను దేనికి సమ్మతించానో తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నమే ప్రస్తుత వ్యాసం.

పొరలు చేరిన తీరు

ముందే ముద్రించిన ధ్వనిని వింటూ, దానికి అనుగుణంగా మరొకటి పాడి లేదా వాయించి, రెండింటినీ ఒకే ముద్రణగా కూర్చడాన్ని ఓవర్‌డబ్బింగ్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. మన స్టూడియోలలోనూ ఇదే మాట వాడుకలో ఉంది కనుక ఇక్కడా దీన్నే వాడుతున్నాను. సినిమా డబ్బింగుతో దీన్ని కలపకూడదు. అక్కడ ఒక గొంతు స్థానంలోకి మరొక గొంతు వస్తుంది, ఇక్కడ ఒక గొంతు పక్కన మరొకటి వచ్చి చేరుతుంది.

ఈ పద్ధతి అమెరికాలో, టేపు రాకముందే, డిస్కుల కాలంలో మొదలైంది. 1941లో జాజ్ విద్వాంసుడు సిడ్నీ బెషే 'ద షేక్ ఆఫ్ అరబీ' అనే పాటలో క్లారినెట్, రెండు రకాల శాక్సొఫోన్, పియానో, బేస్, డ్రమ్స్ - ఆరు వాద్యాలనూ తానే వాయించాడు. ఒక డిస్కును వినిపిస్తూ దానితో పాటు వాయించి, రెండూ కలిసిన ధ్వనిని మరొక డిస్కు పైకి ఎక్కించడం అప్పటి విధానం. 1948లో గిటారిస్టు లెస్ పాల్ 'లవర్' పాటలో ఎనిమిది గిటార్ భాగాలను ఇలాగే పేర్చాడు. తరువాత ఆయనా, ఆయన భార్య మేరీ ఫోర్డూ కలిసి టేపు మీద చేసిన 'హౌ హై ద మూన్' 1951లో విశేషమైన ప్రజాదరణ పొందింది. ఒక్క స్త్రీ గొంతు ఒక బృందగానంగా మారడాన్ని సామాన్య శ్రోత ఆ పాటలో విన్నాడు.

ఇక్కడ ఒక సాంకేతిక వివరం మన విచారణకు అవసరం. తొలి పద్ధతులలో కొత్త పొర చేరగానే పాత పొర దానిలో కలిసిపోయేది, మళ్లీ విడదీయడం అసాధ్యం. ఏడో పొరలో చిన్న తప్పు దొర్లినా ఆరు పొరల శ్రమ వృథా అయ్యేది. పైగా మొదట ముద్రించిన పొర ప్రతి నకలుతోనూ కొంత మసకబారేది. అందుకే లెస్ పాల్ అంత ముఖ్యం కాని భాగాలను మొదట, ముఖ్యమైన వాటిని చివర ముద్రించేవాడు. అంటే మొదటి గొంతు తన మీదికి ఏమేం రాబోతున్నాయో తెలిసి, తనను తాను తగ్గించుకుని పాడిన గొంతు. 1957లో ఆంపెక్స్ సంస్థ ఆయనకు ఎనిమిది ట్రాకుల యంత్రాన్ని అందించింది. అందులో ఒక చిక్కు తీరింది. టేపు యంత్రంలో ముద్రించే హెడ్ ముందు, వినిపించే హెడ్ దాని తరువాత ఉంటాయి. పాతదాన్ని వినిపించే హెడ్ నుంచి వింటూ వాయిస్తే, కొత్తది టేపు మీద ఆ దూరానికి తగినంత వెనుకబడి పడుతుంది. ముద్రించే హెడ్‌నే పక్క ట్రాకులకు వినిపించే హెడ్‌గా వాడుకోవడం దీనికి కనుగొన్న ఉపాయం. దానితో ప్రతి గొంతూ తన ట్రాకులో తాను విడిగా, చెక్కుచెదరకుండా ఉండగలిగింది. చేర్చినదాన్ని తీసివేయడం సాధ్యమయ్యాక, చేర్చిన వ్యక్తి బాధ్యత స్వరూపం కూడా మారింది.

అసత్యమనే ఆక్షేపణ

ఓవర్‌డబ్బింగ్ మీద తరచుగా వినిపించే ఆక్షేపణ అది అసత్యమని. ఒక చోట, ఒక సమయాన జరగని సంగీతాన్ని జరిగినట్టు వినిపించడం శ్రోతను మోసగించడమేనని దాని సారాంశం. పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ 1963లో 'కాన్వర్సేషన్స్ విత్ మైసెల్ఫ్' పేరుతో, మూడు పియానో భాగాలనూ తానే ఒకదానిపై ఒకటి వాయించి ఒక ఆల్బమ్ వెలువరించాడు. వేదిక మీద వాయించలేనిదంతా గారడీయేననే వాదానికి ఆ ఆల్బమ్‌తో పాటు ముద్రించిన వివరణలో ఆయనే సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

ఈ ఆక్షేపణను పరిశీలించడానికి మన శబ్దశాస్త్రంలో మంచి పనిముట్లు ఉన్నాయి. పదాల గుంపు వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని తర్కసంగ్రహం చెబుతుంది. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. వాటి అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. జాప్యం లేకుండా వెంటవెంటనే ఉచ్చరించడం సన్నిధి. ఆవును తెమ్మని చెప్పదలచి ఒక పదాన్ని ఇప్పుడూ, రెండో పదాన్ని ఒక జాము గడిచాకా పలికితే, సన్నిధి లేనందువల్ల అది వాక్యం కాదు.

ఓవర్‌డబ్బింగ్‌లో ఉచ్చారణ అక్షరాలా జాముకొకటి చొప్పున జరుగుతుంది. ఉదయం తాళవాద్యం, సాయంత్రం వయొలిన్లు, మరో నెలలో గొంతు. అయినా వినేవాడికి వాక్యం వాక్యంగానే అందుతుంది. ఎందుకంటే వాక్యార్థజ్ఞానం కలిగేది వినేవాడికి. అతడి చెవిని చేరేవేళకు పదాల మధ్య జాప్యం లేకపోతే చాలు. లిఖిత గ్రంథం కూడా అంతే. ఒక పద్యంలోని రెండు పాదాల మధ్య కవికి ఒక ఋతువు గడిచి ఉండవచ్చు, పాఠకుడికి అది పట్టదు. అసత్యమన్న నింద పుస్తకానికి వర్తించనప్పుడు ముద్రిత సంగీతానికీ వర్తించదు. మన సినిమా పాటే దీనికి నిదర్శనం. ఒకప్పుడు గాయనీగాయకులూ వాద్యబృందమూ ఒకే గదిలో ఒకేసారి పాడి వాయించేవారు, ఎవరు తడబడినా పాట మళ్లీ మొదటికి వచ్చేది. ట్రాకుల పద్ధతి వచ్చాక యుగళగీతంలోని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పాట పూర్తవుతోంది. తాను మోసపోయానని శ్రోత ఎవరూ అనుకోలేదు. (యుగళగీతంలోని విరహానికి ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదని ఎవరైనా పరిహాసమాడితే కాదనలేం.)

శ్రోత వైపు నుంచి చూస్తే ఇంతటితో ప్రశ్న ముగిసిపోతుంది. పాడినవారి వైపు నుంచి చూసినప్పుడే అసలు చిక్కు ఎదురవుతుంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ షుట్జ్, సంగీతాన్ని కలిసి సృష్టించడం గురించి రాసిన వ్యాసం 1951లో, అంటే 'హౌ హై ద మూన్' వెలువడిన ఏడాదే, ప్రచురితమైంది. మాటలతో భావాన్ని పంచుకోవడానికి ముందే మనుషులు ఒకరికొకరు శ్రుతి కలుపుకుంటారని, ఆ సంబంధమే సకల సంభాషణకూ ఆధారమని షుట్జ్ వాదించాడు. కలిసి వాయించేవారిలో ప్రతి ఒక్కరూ తన భాగాన్ని వాయించడంతో పాటు అవతలివారు తన వాయింపును ఎలా అర్థం చేసుకుంటున్నారో, తరువాత ఏం చేయబోతున్నారో ఊహిస్తూ ఉంటారు. ఎదుటివారి ముఖం, చేతుల కదలిక, ఊపిరి ఇందుకు తోడ్పడతాయి. సంగీతం సాగినంత సేపూ వారు కలిసి వయసు మీరుతుంటారని ఆయన భావన.

షుట్జ్ మరొక మాట కూడా అన్నాడు. వందల ఏళ్ల కిందటి స్వరకర్త చైతన్యప్రవాహంలో నేటి శ్రోత కూడా ఒక విధంగా పాలుపంచుకుంటాడని. అలాగైతే ఏకముఖ శ్రవణం కొత్త విషయమేమీ కాదు, త్యాగరాజ కృతి పాడే ప్రతి గాయకుడూ తనను వినలేని వ్యక్తినే వింటున్నాడు. ఈ అభ్యంతరం బలమైనదే. కానీ కృతి పాడే గాయకుడు త్యాగరాజ స్వామి గొంతు పక్కన తన గొంతును నిలపడు. ఆయన రచనను తన ఊపిరిలోకి తీసుకుంటాడు, తన శ్రుతిలో, తన కాలప్రమాణంలో పాడుతాడు. ఓవర్‌డబ్బింగ్‌లో మొదటివారి ఊపిరే అక్కడ ఉంటుంది. రెండోవారు దాన్ని వింటారు, దానికి సర్దుకుంటారు. మొదటివారు మాత్రం రెండోవారిని వినలేరు, వారికోసం ఒక్క మాత్ర కూడా ఆగలేరు, వద్దనలేరు. రూపం సంభాషణదే, కానీ అందులో జవాబు చెప్పే అవకాశం ఒకరికే ఉంది. నా దృష్టిలో ఓవర్‌డబ్బింగ్‌లోని నైతిక ప్రశ్నంతా ఇక్కడే ఉంది. సన్నిధి లేకపోవడం దోషం కాదు. సన్నిధి లేనప్పుడు ఆకాంక్షను ఎవరు, ఎలా నిర్ణయిస్తున్నారన్నదే ప్రశ్న.

ఎవరి ఆకాంక్ష?

ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం 1969 జనవరి 26న 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' పాటను దాదాపు పియానో, గొంతు ప్రధానంగా ముద్రించింది. పాట పాల్ మెకార్ట్‌నీది. ఏడాది దాటాక, 1970 ఏప్రిల్ 1న, నిర్మాత ఫిల్ స్పెక్టర్ దాని మీద వయొలిన్లు, చెల్లోలు, హార్ప్, స్త్రీల బృందగానం చేర్చాడు. మెకార్ట్‌నీకి ముందుగా చెప్పలేదు. విన్న తరువాత ఆయన ఆ చేర్పులను తగ్గించమని కోరుతూ లేఖ రాశాడు, ఫలితం లేకపోయింది. బృందపు భాగస్వామ్యాన్ని రద్దు చేయించడానికి ఆయన వేసిన దావాలో చూపిన కారణాలలో ఈ పాట కూడా ఒకటి. స్పెక్టర్ పక్షాన ఒక సమర్థన ఉంది. ఆ వాదనలో జాన్ లెనన్ వాయించిన బేస్ గిటార్‌లో తప్పులు ఉన్నాయనీ, వాటిని కప్పడానికి ఏదో ఒకటి అవసరమైందనీ. కావచ్చు. కానీ అది నిర్మాతకు కలిగిన ఆకాంక్ష. తనకు వినాలనిపించినదాన్ని పాట కోరుతోందని ఆయన అనుకున్నాడు. పైగా మెకార్ట్‌నీ బతికే ఉన్నాడు, అదే నగరంలో ఉన్నాడు, అడిగితే చెప్పేవాడు. సన్నిధి సాధ్యమైన చోట దాన్ని వద్దనుకోవడం వేరు, అసాధ్యమైన చోట అది లేకపోవడం వేరు. ట్రాకులు విడిగా ఉన్నందువల్ల, 1996లో వచ్చిన 'ఆంథాలజీ 3'లో అదే జనవరి 26 నాటి ముద్రణను చేర్పులు లేకుండా వినగలిగాం. పాతిక సంవత్సరాలకు పైగా శ్రోతలు మెకార్ట్‌నీ పాటగా విన్నది మెకార్ట్‌నీ వద్దన్న పాట.

దీనికి పూర్తిగా భిన్నమైనది నటాలీ కోల్ ఉదాహరణ. ఆమె తండ్రి నాట్ కింగ్ కోల్ 'అన్‌ఫర్గెటబుల్' పాటను 1951లోనూ, మళ్లీ 1961లోనూ పాడి, 1965లో మరణించాడు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. 1991లో ఆమె తండ్రి గొంతు పక్కన తన గొంతు చేర్చి ఆ పాటను యుగళగీతం చేసింది. తండ్రి పాడిన పాట సంపూర్ణమైనది, అందులో ఎవరికోసమూ వదిలిన చోటు లేదు. కూతురికి చోటివ్వడానికి కొన్ని పంక్తులలో ఆయన గొంతును ఆపవలసి వచ్చింది. ఆకాంక్ష మొదటివారిదే కావాలన్న సూత్రం ప్రకారం ఇది తప్పు కావాలి. కానీ ఆ పాట విన్నప్పుడు తప్పు జరిగిందని నాకెప్పుడూ అనిపించలేదు. కారణం వెదికితే మళ్లీ శబ్దశాస్త్రమే దారి చూపుతుంది. క్రియాపదానికి కారకపదం మీద ఉన్నట్టే, కారకపదానికి క్రియ మీదా ఆకాంక్ష ఉంటుంది. రెండో పదం కూడా మొదటిదాన్ని కోరవచ్చు. ఇక్కడ కోరుతున్నది కూతురు, ఆ కోరిక ఆమెదేనని వినేవారందరికీ తెలుసు. తండ్రి పిలిచాడని ఆమె చెప్పలేదు. తన ఆకాంక్షను తనదిగా ఒప్పుకుని చేరిన గొంతుకూ, అవతలివారి ఆకాంక్షను తానే కల్పించి చేరిన గొంతుకూ ఉన్న ఈ తేడాను గమనించాలి.

ఎఱ్ఱన చేవ్రాలు

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ సమస్య కొత్తది కాదు. ముందువారి రచన మీద, వారు లేని కాలంలో, వారి గొంతుతో గొంతు కలిపిన సందర్భాలు మన వాఙ్మయంలో ఎన్నో. వాటిలో తలమానికం అరణ్యపర్వశేషం. పదకొండవ శతాబ్దిలో నన్నయ శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆపిన పర్వాన్ని, పదమూడవ శతాబ్దిలో తిక్కన ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. పద్నాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన ఆ శేషాన్ని పూరించాడు. పూరించిన భాగానికి తన కాలపు ప్రభువును కాక, నన్నయ కృతిపతి రాజరాజనరేంద్రుణ్ణే కృతిపతిగా నిలిపాడు. నన్నయ రచనే అన్నట్టు సాగించి, చివరికి తన పేరు చెప్పుకున్నాడు. నన్నయ శైలితో మొదలై క్రమంగా తిక్కన శైలికి చేరువవుతుందని విమర్శకులు చెబుతూ వచ్చిన ఆ రచన, రెండు ట్రాకుల నడుమ మూడోదాన్ని కూర్చడం వంటిది. ఇటు నన్నయనూ అటు తిక్కననూ ఏకకాలంలో వింటూ పాడిన గొంతు ఎఱ్ఱనది.

ఇందులో రెండు విషయాలు ఉన్నాయి. మొదటిది, నన్నయ పర్వం అసంపూర్ణం. కథ సగంలో ఆగింది కనుక శేషభాగం మీద ఆకాంక్ష పాఠంలోనే ఉంది, ఎఱ్ఱన దాన్ని కల్పించలేదు. రెండవది, గొంతు పోల్చలేనంతగా కలిపి కూడా అతడు చేవ్రాలు దాచలేదు. పోతన భాగవతంలో పంచమస్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండూ నారయవి అని ఆయా స్కంధాంత గద్యలే మనకు చెబుతాయి. ఇటువంటి గద్య లేని చేర్పును మనం ప్రక్షిప్తం అంటాం. ప్రక్షిప్తకర్త తప్పక చెడ్డ కవి కానవసరం లేదు. కొన్ని ప్రక్షిప్తాలు మూలానికి ఏ మాత్రం తీసిపోవు. అతడి దోషం కవిత్వానిది కాదు. ప్రశ్నిస్తే జవాబు చెప్పవలసినవారు ఎవరో తెలియకుండా చేయడం అతడి దోషం. మొదటివారికి జవాబు చెప్పే వీలు లేదు కనుక రెండోవారు తప్పక కనిపించాలి, వారి పేరు తెలియాలి. మన ఆశ్వాసాంత గద్యను ఇంతవరకు కవి వంశవిద్యాదుల సమాచారానికి ఆకరంగానే ఎక్కువగా చదివాం. దాన్ని నైతిక వ్యవస్థగా కూడా చదవవచ్చునని నా ప్రతిపాదన.

మూలంలో లేనిదాన్ని రాయననీ, అనపేక్షితమైనదాన్ని చెప్పననీ మల్లినాథసూరి చేసుకున్న ప్రతిజ్ఞ వ్యాఖ్యాతలందరికీ తెలిసినదే. దీనిలో మొదటి సగాన్ని మనం ఎక్కువగా తలచుకుంటాం, నాకు రెండో సగం మరింత కఠినమనిపిస్తుంది. మూలంలో ఆధారం ఉన్నా అపేక్ష లేకపోతే నోరు మెదపకూడదు. స్పెక్టర్ వయొలిన్లకు పాట స్వరాలలో మూలం ఉంది, కొరవడింది అపేక్ష.

ఈ విచారణను నేటి కృత్రిమ మేధ గొంతుల దాకా కొనసాగించవచ్చు. 2024లో వచ్చిన 'లాల్ సలామ్' అనే తమిళ చిత్రంలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఎ. ఆర్. రెహమాన్ కుటుంబాల అనుమతితో, పారితోషికం చెల్లించి పునఃసృష్టించారు. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును ఒక తెలుగు చిత్రంలో అనుమతి లేకుండా అలా వాడారని ఆక్షేపిస్తూ ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపిన వార్త కూడా అదే ఏడాది వెలువడింది. చర్చ అంతా అనుమతి చుట్టూ తిరిగింది. అనుమతి అవసరమే, కానీ వారసులు ఇవ్వగలిగింది హక్కును, ఆకాంక్షను కాదు. అదీగాక ఇక్కడ సంబంధమే తలకిందులైంది. ఓవర్‌డబ్బింగ్‌లో మరణించినవారికి బతికున్నవారు జవాబు చెబుతారు. ఇక్కడ బతికున్నవారికి మరణించినవారి చేత జవాబు చెప్పిస్తున్నారు. రెండోది వేరే వ్యాసానికి విషయం.

ఖాళీలో ఉన్నవారు

ఇప్పుడు మళ్లీ నాట్ల పాటకు వస్తాను. పై విచారణ ప్రకారం నా సమ్మతి నిర్దోషంగానే కనిపించాలి. ఆమె స్వయంగా ఖాళీ వదిలింది. అంతకన్నా స్పష్టమైన ఆకాంక్ష ఏ ముద్రణలోనూ నేను వినలేదు. నలుగురు గాయనుల పేర్లూ సంకలనంలో ముద్రించారు, కనుక చేవ్రాలూ ఉంది. పాడినవారు మంచి గాయనులు, శ్రుతి తప్పలేదు, గొంతులు చక్కగా పొసిగాయి.

అయినా వినగానే ఏదో బెసికినట్టు తోచింది. మొదట గమనించింది కాలప్రమాణం. మూడో పాటలో ఆమె అలసి ఖాళీలను కుదించింది, గాయనులు ఆ కొద్ది వ్యవధిలో చరణాన్ని ముగించడానికి తొందరపడ్డారు. రెండు చోట్ల వారి చివరి అక్షరాల మీదికి ఆమె తరువాతి చరణం వచ్చిపడింది. పొలంలో ఇలా జరగదు. వెనుకబడితే ముందుగొంతు ఆగుతుంది, లేదా మందలిస్తుంది. ఎలా మందలిస్తుందో పాడిన రోజున ఆమే నాకు చెప్పింది: "ఎవలన్న ఎనకవడ్డరనుకో, ఆమె పేరు పాటల వెట్టేదాన్ని. సిగ్గువడి ఉరికొచ్చేది."

నాలుగో పాటలో, ఒక చరణం చివర, పాటకు సంబంధం లేని ఒక స్త్రీ పేరు ఉంది. ప్రతిలేఖనం చేసినప్పుడు దాన్ని పాఠంలోని సంబోధనగా భావించి అలాగే రాసుకున్నాను. సంకలనంలో ఆ నలుగురు గాయనులూ ఆ పేరును ఎంతో మధురంగా, శ్రుతిబద్ధంగా పునరుక్తి చేశారు. అది విన్నాకే నాకు అర్థమైంది. ఆ పేరు ఎప్పుడో వెనుకబడిన ఒక తోటి కూలీది. ఒంటరిగా నులక మంచం మీద పాడుతూ కూడా, వాకిట్లో లేని ఒకామెను ఆమె తొందరపెట్టింది. నేను ఖాళీలు అనుకున్నవి ఖాళీలు కావు. అందులో మనుషులు ఉన్నారు. ఆకాంక్ష ఉందా లేదా అని మాత్రమే నేను అడిగాను. ఆకాంక్ష సామాన్యంగా ఎవరో ఒకరి మీద ఉండదు, ఫలానావారి మీద ఉంటుంది. నీళ్లు తెమ్మన్న వాక్యాన్ని పాలు పూరించవు. ఎఱ్ఱన విషయంలో ఆకాంక్ష కథది కనుక సమర్థుడైన ఏ కవైనా దాన్ని తీర్చగలడు. ఆమె ఆకాంక్ష కథది కాదు.

సంకలనకర్తలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పేరు ఎవరిదో వారికి నేను చెప్పలేదు, నాకే తెలియదు. పైగా జానపద గేయాలను అచ్చువేసేటప్పుడు మన రంగంలో అనుసరించే పద్ధతి దీనికి విలోమమైన దోషమే. పునరుక్తమయ్యే చరణాన్ని ఒక్కసారి వేసి, పక్కన రెండు అనే అంకె పెడతాం, లేదా అదీ లేకుండా వదిలేస్తాం. కాగితం మీద అందుకునేవారు ఏనాడో మాయమయ్యారు. వారు లేని పాఠాలను చదివి చదివి, వారు పాఠంలో భాగం కాదన్న భావన నాకూ అలవడింది. అందుకే ఎవరితోనైనా పాడించవచ్చునని రెండు నిమిషాలలో చెప్పగలిగాను. నా సిద్ధాంతవ్యాసపు అనుబంధంలో ఇప్పుడు ప్రతి ఖాళీనీ ఒక విడి పంక్తిగా, దాని నిడివి సెకన్లలో చూపుతూ, అందులో వినిపించిన శబ్దాలతో సహా రాస్తున్నాను. ఇది చదవడానికి ఇబ్బందిగా ఉందని కొందరు మిత్రులు అన్నారు.

ఇంకొక విషయం మిగిలింది. పాటలన్నీ అయ్యాక, ఎట్లా పడిందో వినిపించమని ఆమె అడిగింది. రికార్డర్‌ను ఆమె చెవికి దగ్గరగా పట్టుకున్నాను. మొదటి చరణం తన గొంతుతో వినబడి ఆగగానే ఆమె నవ్వి, ఆ ఖాళీలో తనే అందుకుంది. ఆ తరువాత ప్రతి ఖాళీలోనూ అందుకుంది. తనకు తాను వెనుకపాట అయింది. రికార్డర్ పాటను వినిపిస్తున్నందున ఆ గొంతును ముద్రించే వీలు లేకపోయింది. జేబులో ఉన్న ఫోను ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు. నాలుగో పాటలో ఆ పేరు వచ్చిన చోట మాత్రం ఆమె అందుకోలేదు. వేలితో పట్టె మీద దరువు వేస్తూ, తరువాతి చరణం వచ్చేదాకా ఊరకే ఉంది.